పీచు బట్టకు పనికొస్తుందో లేదో పరీక్షించడం ఎలా?

అరటి బోదె నుంచి తీసిన నారనో, పొలం గట్టున పెరిగిన జిల్లేడు కాయలోని దూదినో చేతిలోకి తీసుకున్నవారు ముందుగా చేసే పని దాన్ని రెండు చేతులతో లాగి చూడటం. తెగకపోతే బట్టకు పనికొస్తుందని, తెగితే పనికిరాదని అక్కడికక్కడే తీర్మానించుకుంటారు. బలం అవసరమే గాని బట్టకు అది మొదటి అర్హత కాదు. జనపనార బలంలో పత్తికి మరీ తీసిపోదు; అయినా అది గోనె సంచి అయింది గాని ఒంటికి తగిలే చొక్కా కాలేదు. పీచు బట్ట కావాలంటే ముందు నూలు కావాలి, నూలు కావాలంటే విడివిడిగా ఉన్న పోగులు పురి పెట్టినప్పుడు ఒకదాన్నొకటి పట్టుకొని జారకుండా నిలవాలి. అందుచేత పొడవు, సన్నదనం, పట్టు, వంగే గుణం అనే నాలుగింటినీ ముందు చూసి, ఆ తరువాతే బలాన్ని చూడటం సరైన వరుస అని నా నిశ్చితాభిప్రాయం. కింద చెప్పిన మెట్లను అదే వరుసలో పాటించండి. టెక్స్‌టైల్ విద్యార్థులకూ, చేనేత పనివారికీ, అరటి నార, గోగునార వంటివాటితో కొత్తగా పని మొదలుపెట్టాలనుకునే బృందాలకూ ఈ వరుస చాలా శ్రమను, డబ్బును మిగులుస్తుంది.

కావలసిన వస్తువులు

పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం, మిల్లీమీటర్ల గీతలున్న స్కేలు, నల్లటి మఖమల్ గుడ్డ ముక్క, 0.01 గ్రాము వరకు తూచే చిన్న డిజిటల్ త్రాసు, పదునైన కత్తెర, పట్టకారు, జిగురు, అట్టముక్కలు, ఐదు లీటర్ల దాకా నీళ్ళు పట్టే ప్లాస్టిక్ సీసా ఉంటే చాలు. వీటన్నింటికంటే ముఖ్యమైనది పోల్చుకోవడానికి పక్కన పెట్టుకునే తెలిసిన పీచు. గింజ తీసిన మంచి పత్తిని కొద్దిగా దగ్గర ఉంచుకొని, ప్రతి పరీక్షనూ మొదట పత్తి మీద, తరువాత మీ పీచు మీద చేయండి. ఇంట్లో కొలిచిన అంకెలో ఎంతో కొంత తేడా ఉండనే ఉంటుంది, కాని ఒకే చేయి, ఒకే పూట, ఒకే పద్ధతిలో రెండింటినీ కొలిస్తే వాటి మధ్య కనిపించే భేదం నమ్మదగినది.

మొదటి మెట్టు: నమూనా సిద్ధం చేయడం

నమూనాను ఒకే చోటు నుంచి తీసుకోకండి. మూటలో పైన, మధ్యన, అడుగున, అంచుల్లో ఉన్న పీచును పిడికెడు చొప్పున తీసి కలపండి. నార అయితే కాండం మొదలు, నడుమ, కొన భాగాల నుంచి వేరువేరుగా తీసి, వాటిని కలపకుండా గుర్తులు పెట్టుకోండి, ఎందుకంటే మొదలు దగ్గరి నార ముతకగానూ, కొన దగ్గరిది లేతగానూ ఉండటం సహజం. తరువాత నమూనాను విప్పి, ఎండ తగలని గదిలో ఒక రోజంతా ఆరబెట్టండి. పీచు గాలిలోని తేమను పీల్చుకుంటుంది, ఆ తేమతో దాని బరువు, బలం, సాగుదల మూడూ మారుతాయి. అందుకే మన దేశంలోని ప్రయోగశాలలు 27 డిగ్రీల ఉష్ణోగ్రత, 65 శాతం గాలి తేమ ఉండే గదిలోనే పీచును పరీక్షిస్తాయి. ఇంట్లో అంత కట్టుదిట్టం కుదరదు కనుక, వాన పడుతున్న రోజున ఒక పీచును, ఎండ కాసే రోజున ఇంకొకదాన్ని కొలిచి పోల్చే పొరపాటు మాత్రం చేయకండి.

రెండో మెట్టు: పింజ (పత్తి పోగు) పొడవు కొలవడం

చిటికెడు దూదిని రెండు చేతుల బొటనవేళ్ళు, చూపుడువేళ్ళ మధ్య పట్టుకొని మెల్లగా విడదీయండి. ఒక చేతిలోని కుచ్చును మరో చేతి వేళ్ళతో కొద్దికొద్దిగా లాగి ఒకదాని మీద ఒకటి పేర్చుతూ, పొట్టి ముక్కలను పక్కన పెడుతూ, పోగులన్నీ ఒకే దిశలో సమాంతరంగా వచ్చేవరకు నాలుగైదు సార్లు ఇదే చేయండి. ఆ కుచ్చును నల్లటి మఖమల్ మీద పరచి, పోగులు చిక్కగా ఉన్న భాగం ఈ చివర నుంచి ఆ చివరకు ఎంత ఉందో స్కేలుతో కొలవండి. పత్తి వ్యాపారంలో అనుభవజ్ఞులు చేత్తో పింజ తీసి చూసే పద్ధతి ఇదే.

మన దేశపు వర్గీకరణలో 20 మిల్లీమీటర్లు, అంతకు లోపు ఉన్నది పొట్టి పింజ, 27.5 నుంచి 32 మిల్లీమీటర్ల వరకు ఉన్నది పొడవు పింజ, 32.5, ఆ పైన ఉన్నది అతి పొడవు పింజ. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఇప్పుడు పండే పత్తిలో ఎక్కువ భాగం పొడవు పింజ తరగతికి చెందుతుంది. పోగు సుమారు 12 మిల్లీమీటర్ల కంటే పొట్టిగా ఉంటే యంత్రం మీద వడకడం దాదాపు అసాధ్యమని అనుకోండి. పొడవు ఎంత ముఖ్యమో, అది అన్ని పోగులలోనూ సమానంగా ఉండటం అంతే ముఖ్యం. మీరు పక్కన పెట్టిన పొట్టి ముక్కలను పారేయకుండా తూచి చూడండి. అవి ఎక్కువగా ఉంటే నూలు ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా వస్తుంది, బట్ట మీద నూగు లేస్తుంది, దువ్వేటప్పుడు వ్యర్థం పెరుగుతుంది.

పొడవు ఒక్కటే తీర్పు చెప్పదనడానికి శ్రీకాకుళం జిల్లా పొందూరు చక్కని సాక్ష్యం. అక్కడ వడికే కొండపత్తి, పునాస పత్తి పొట్టి పింజ రకాలే. వాలుగ చేప దవడ ఎముకతో దూదిని దువ్వి, పోగులను వరుసగా నిలిపి, చేతి రాట్నం మీద 100 కౌంట్ (నూలు సన్నదనాన్ని చెప్పే అంకె; అది పెరిగేకొద్దీ నూలు సన్నబడుతుంది) వరకు సన్నని నూలు తీసే నేర్పు ఆ ఊరిది. మిల్లు యంత్రం తిరస్కరించే పీచును ఓర్పుగల చేయి అందుకోగలదు. కాబట్టి మీ పీచును ఎవరు, దేనిమీద వడుకుతారో ముందే నిర్ణయించుకొని కొలతలను ఆ దృష్టితో చదవండి.

నార విషయంలో ఇక్కడే ఒక హెచ్చరిక. జనపనార చూడటానికి మీటరుకు పైగా పొడవుంటుంది గాని, అది ఒకే పోగు కాదు. రెండు మూడు మిల్లీమీటర్ల పొడవున్న సూక్ష్మమైన కణాలు లిగ్నిన్, పెక్టిన్ వంటి సహజమైన జిగురుతో అతుక్కొని ఆ పొడవు ఏర్పడుతుంది. మెత్తబడుతుందని ఆశపడి అలాంటి నారను ఎక్కువ రోజులు నీటిలో నానబెట్టినా, సోడాతో అతిగా ఉడకబెట్టినా జిగురంతా పోయి, నార వడకడానికి వీలులేని పొడిగా విడిపోతుంది. మెత్తబరిచే ప్రతి ప్రయత్నానికి ముందూ తరువాతా పొడవు కొలవండి.

మూడో మెట్టు: సన్నదనం చూడటం

ముతక నార అయితే ఈ లెక్క తేలిక. 100 పోగులను సరిగ్గా 10 సెంటీమీటర్ల పొడవుకు కత్తిరించండి. అన్నీ కలిపితే 10 మీటర్ల పొడవవుతుంది. వాటిని కలిపి గ్రాములలో తూచి, వచ్చిన అంకెను 900తో గుణించండి. వచ్చేది డెనియర్, అంటే 9,000 మీటర్ల పోగు బరువు గ్రాములలో. ఉదాహరణకు బరువు 0.1 గ్రాము ఉంటే ఒక్కో పోగు 90 డెనియర్. పత్తి పోగు సుమారు 1.5 డెనియర్, పట్టుకాయ నుంచి వచ్చే ఒక్క పోగు 2 నుంచి 3 డెనియర్ ఉంటుంది. ఇంత సన్నని పీచును ఇంటి త్రాసు తూచలేదు కనుక, దాన్ని పత్తి పోగు పక్కన మఖమల్ మీద పెట్టి భూతద్దంతో పోల్చండి.

ఈ అంకె ఎందుకు అవసరమో ఒక లెక్కలో తెలుస్తుంది. 40 కౌంట్ నూలు సుమారు 133 డెనియర్ ఉంటుంది. 1.5 డెనియర్ పత్తితో వడికితే ఆ నూలులో ఎక్కడ కోసి చూసినా దాదాపు 88 పోగులు కనిపిస్తాయి. మిల్లులో నూలు వడికే రింగు యంత్రం మీద నూలు తెగకుండా నడవడానికి ఇంచుమించు అన్ని పోగులు ఉండాలి. 90 డెనియర్ నారతో అదే నూలు తీయాలంటే కోసిన చోట ఒకటిన్నర పోగు మాత్రమే పడుతుంది, అది ఎవరి వల్లా కాదు. ఎంత సన్నని బట్ట నేయగలరన్నది యంత్రం కంటే ముందు పోగు సన్నదనమే తేలుస్తుంది.

మెత్తదనం కూడా ఇక్కడి నుంచే వస్తుంది. పోగును వంచడానికి కావలసిన బలం దాని వ్యాసానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది, అంటే పోగు రెండింతలు లావైతే బిరుసుదనం 16 రెట్లవుతుంది. 30 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కంటే లావైన ఉన్ని పోగుల కొనలు చర్మానికి గుచ్చుకొని దురద పుట్టించడానికి కారణం ఇదే. అయితే సన్నదనం అన్నివేళలా మేలు కాదు. పత్తిలో సన్నదనాన్ని, పరిపక్వతను కలిపి చూపే మైక్రోనేర్ అనే కొలత సాధారణంగా 3.5 నుంచి 4.9 మధ్య ఉండటం మంచిదని లెక్క. అంతకంటే తక్కువ వస్తే పోగు నిజంగా సన్ననిదైనా కావచ్చు, పక్వానికి రాకముందే తీసిన పత్తి అయినా కావచ్చు. పక్వానికి రాని పోగు గోడ పలుచగా ఉండి, చుట్టుకొని చిన్న చిన్న ఉండలు కడుతుంది. రంగు అద్దినప్పుడు ఆ ఉండలే బట్ట మీద తెల్లని చుక్కలుగా మిగులుతాయి.

నాలుగో మెట్టు: పోగుల మధ్య పట్టు

ఈ మెట్టు దగ్గర అన్నింటికంటే ఎక్కువసేపు ఆగండి. పత్తి దూదిని కొద్దిగా తీసుకొని, ఒక చేత్తో మెల్లగా సాగదీస్తూ మరో చేతి వేళ్ళతో పురి పెట్టండి. నాలుగైదు అంగుళాల దారం ఇట్టే వస్తుంది. ఇప్పుడు బూరుగు దూదితో అదే చేయండి. సాగదీయగానే పోగులు ఒకదాని మీద ఒకటి జారి, కుచ్చు రెండుగా విడిపోతుంది. జిల్లేడు దూది కూడా దాదాపు ఇలాగే జారిపోతుంది. రెండూ పత్తి కంటే నునుపుగా, పట్టులా మెరుస్తూ కనిపించినా మనవాళ్ళు వాటిని దిండ్లలోకి, పరుపుల్లోకి వాడారే గాని రాట్నం మీదికి ఎక్కించలేదు.

కారణం పోగు నిర్మాణంలో ఉంది. కాయలో ఉన్నంతకాలం పత్తి పోగు లోపల రసం నిండిన గుండ్రని గొట్టం. కాయ పగిలి ఎండకు ఆరగానే ఆ గొట్టం చదునై, తన చుట్టూ తాను మెలికలు తిరుగుతుంది. పురి పెట్టినప్పుడు ఈ మెలికలే ఒకదానిలో ఒకటి చిక్కి పట్టునిస్తాయి. బూరుగు పోగు లోపల పెద్ద బోలు, చుట్టూ పలుచని గోడ, పైన మైనపు పూత ఉంటాయి. అది మెలికలు తిరగదు, పెళుసుగా కూడా ఉంటుంది. ఆ బోలులో నిలిచిన గాలి వల్లనే అది తేలికగా ఉండి దిండుకు, నీటిలో తేలే రక్షణ కోటుకు అద్భుతంగా సరిపోతుంది. ఉన్నికి పట్టునిచ్చేవి దాని అలలు, పైనున్న పొలుసులు. పాలియెస్టర్ పుట్టుకతో నున్నని పోగు కనుక, ఫ్యాక్టరీలోనే దానికి యంత్రంతో అలలు తీర్చి, పత్తితో కలిసిపోయేలా 38 మిల్లీమీటర్ల వంటి పొడవులకు కత్తిరిస్తారు.

మీరు పేనిన దారాన్ని రెండు చివరలా పట్టుకొని మెల్లగా లాగి, తెగిన చోటును భూతద్దంతో చూడండి. పోగులు విరిగి ఉంటే పట్టు చాలినంత ఉన్నట్టు. పోగులు చెక్కుచెదరకుండా జారి విడిపోతే పట్టు లేనట్టు. అప్పుడు ఒక్కో పోగు ఎంత బలమైనదైనా ఆ బలం నూలుకు చేరదు. పట్టుపురుగు ఇచ్చే పట్టు పోగుకు మాత్రం ఈ పరీక్ష వర్తించదు: ఒక మంచి పట్టుకాయ నుంచి తెగని పోగు వెయ్యి మీటర్ల వరకు వస్తుంది కనుక, దాన్ని వడకరు, కొన్ని కాయల పోగులను కలిపి నేరుగా చుడతారు.

ఐదో మెట్టు: వంగే గుణం

ఒక పోగుకు బిగుతుగా ముడి వేసి లాగండి. ముడి దగ్గర పుటుక్కున విరిగితే అది పెళుసు పీచు. మగ్గం మీద, కుట్టు సూది కింద, బట్ట మడతల దగ్గర అలాగే విరుగుతుంది. ఇంకో పోగును వేలికి చుట్టి వదలండి. కొబ్బరి పీచులా వెంటనే నిటారుగా లేస్తే అది చాపకు, బ్రష్షుకు, తాడుకు తగినది. పత్తిలా చుట్టిన ఆకారానికి ఒదిగితే ఒంటి బట్టకు అర్హత ఉన్నట్టే.

ఆరో మెట్టు: పొడి బలం, తడి బలం

డెనియర్ తెలిసిన నార పోగులు పది తీసుకొని, రెండు చివరలనూ అట్టముక్కల మధ్య జిగురుతో అతికించి పూర్తిగా ఆరనివ్వండి. పై అట్టను కొక్కేనికి తగిలించి, కింది అట్టకు ఖాళీ సీసా కట్టి, నీళ్ళు సన్నని ధారగా పోస్తూ ఉండండి. తెగిన క్షణాన పోయడం ఆపి, సీసాలోని నీటిని కొలవండి. లీటరు నీరు కిలో బరువు. సీసా బరువు కూడా కలిపి, మొత్తం గ్రాములను మొత్తం డెనియర్‌తో భాగించండి. 90 డెనియర్ పోగులు పది అంటే 900 డెనియర్, 2.7 కిలోల దగ్గర తెగితే డెనియర్‌కు 3 గ్రాముల బలమన్నమాట. పోగులన్నీ ఒకేసారి తెగవు కనుక అసలు బలం ఇంతకంటే కొంచెం ఎక్కువే ఉంటుంది. పత్తి, పట్టు రెండూ ఇంచుమించు 3 నుంచి 5 గ్రాముల మధ్య ఉంటాయి. ఉన్ని 1 నుంచి 1.7 గ్రాములే, అయినా దానితో బట్టలు తరాలుగా నిలిచాయి.

ఇప్పుడు మరో పది పోగులను గంటసేపు నీటిలో నానబెట్టి, తడిగా ఉండగానే పరీక్షించండి. చాలామంది వదిలేసే ఈ పరీక్ష ఉతికే బట్టకు ప్రాణం వంటిది. పత్తి తడిసినప్పుడు బలహీనపడదు, పైగా 10 నుంచి 20 శాతం వరకు బలం పుంజుకుంటుంది. చాకిరేవు బండ మీద బాదినా నూలు పంచె ఏళ్ళ తరబడి నిలవడంలోని రహస్యం ఇదే. విస్కోజ్ రేయాన్ తడిస్తే బలంలో సగానికి దగ్గరగా కోల్పోతుంది; అందుకే దాన్ని గట్టిగా పిండకూడదు. పాలియెస్టర్‌కు తడి పొడి తేడా దాదాపు ఉండదు. మీ పీచు తడి బలం పొడి బలంలో సగానికి పడిపోతే, దాన్ని తరచు ఉతకనవసరం లేని తెరలకు, సంచులకు, అలంకరణ వస్తువులకు కేటాయించండి.

ఏడో మెట్టు: సాగడం, తిరిగి రావడం

వేలాడదీసిన పోగు మీద 10 సెంటీమీటర్ల దూరంలో రెండు గుర్తులు పెట్టి, తెగబోయే ముందు ఆ దూరం ఎంతకు పెరిగిందో చూడండి. జనపనార 1 నుంచి 2 శాతం, పత్తి 5 నుంచి 10 శాతం, పట్టు సుమారు 20 శాతం, ఉన్ని 25 శాతానికి పైగా సాగుతాయి. మగ్గం మీద పడుగు (నిలువు నూలు) ప్రతి తొక్కుడుకూ బిగుసుకొని సడలుతుంది; సాగని పీచు ఆ కుదుపులను తట్టుకోలేక తెగుతూ ఉంటుంది. అరటి నార వంటివాటిని పేకగా (అడ్డు నూలుగా) వాడి, పడుగుకు పత్తి నూలు ఎక్కించడం ఈ కారణంగానే మేలు. కొద్దిగా సాగదీసి వదిలినప్పుడు పోగు తన పాత పొడవుకు వస్తుందా అన్నది కూడా గమనించండి. రాకపోతే మోకాళ్ళ దగ్గర, మోచేతుల దగ్గర బట్ట ఉబ్బిపోతుంది.

ఎనిమిదో మెట్టు: తేమను పీల్చే గుణం

పీచును సుమారు 20 గ్రాములు తూచి, 105 డిగ్రీల ఓవెన్‌లో బరువు ఇక తగ్గడం లేదని తేలేవరకు ఆరబెట్టి, వేడి మీదనే మళ్ళీ తూచండి. తగ్గిన బరువును ఆరిన బరువుతో భాగించి 100తో గుణిస్తే తేమ శాతం వస్తుంది. ప్రామాణిక పరిస్థితుల్లో ఇది పత్తికి 8 శాతం దగ్గర, పట్టుకు 11, ఉన్నికి 16 శాతం వరకు, నైలాన్‌కు 4, పాలియెస్టర్‌కు 0.4 శాతం. విశాఖపట్నం, మచిలీపట్నం వంటి ఉక్కపోత ఊళ్ళలో పగటిపూట ధరించే బట్టకు ఈ అంకె ఎంత ముఖ్యమో అక్కడివారికి చెప్పనవసరం లేదు. చెమటను పీల్చే పీచు రంగునీ సులభంగా తాగుతుంది, చలికాలంలో ఒంటికి అంటుకొని చిటపటలాడదు. అయితే త్వరగా ఆరదు, తేలికగా బూజు పడుతుంది. చేపల వలకు, గొడుగు గుడ్డకు నైలాన్ వంటిది సరిపోవడానికి ఇదే కారణం.

తొమ్మిదో మెట్టు: నిప్పు, సబ్బు, బ్లీచింగ్

ఈ మెట్టు త్వరగా ముగుస్తుంది. పట్టకారుతో ఒక కుచ్చును పట్టుకొని, పళ్ళెంలో నీళ్ళు ఉంచుకొని, కొవ్వొత్తి మంటకు చూపండి. పత్తి, నార కాగితంలా కాలి మెత్తని బూడిద అవుతాయి. పట్టు, ఉన్ని వెంట్రుకలు కాలిన వాసనతో ముడుచుకుంటాయి. పాలియెస్టర్, నైలాన్ కరిగి గట్టి పూసలా గడ్డకడతాయి. కరిగే పీచుతో చేసిన బట్టను వంటింట్లో స్టవ్ దగ్గర ధరించడం ప్రమాదం, ఎందుకంటే కరిగిన ముద్ద చర్మానికి అతుక్కుంటుంది. మరో కుచ్చును సబ్బు నీటిలో, ఇంకొకదాన్ని పలుచని బ్లీచింగ్ ద్రావణంలో వేసి మరునాడు చూడండి. ఉన్ని, పట్టు బ్లీచింగ్‌లో కరిగిపోతాయి. బ్లీచింగ్‌లో ఆమ్లాన్ని గాని, మరుగుదొడ్డి శుభ్రపరిచే ద్రవాన్ని గాని ఎన్నడూ కలపకండి; విషవాయువు వెలువడుతుంది.

పదో మెట్టు: నేసి చూడటం

మొదటి ఐదు మెట్లలో ఏ ఒక్కటి తప్పినా ఆ పీచును విడిగా వడికే ఆలోచన మానుకోవాలి గాని, పీచునే పారేయనవసరం లేదు. పట్టు లేనిదాన్ని పత్తితో కొద్ది పాళ్ళలో కలిపి వడికి చూడండి. బిరుసుదాన్ని పేకగా, తాడుగా, చాపగా మలచండి. అల్లికకు లొంగనిదాన్ని దిండులో నింపండి. పరీక్షలు దాటిన పీచుతో చెక్క చట్రం మీద జానెడు గుడ్డ నేసి, దాని పొడవు, వెడల్పు కొలిచి, ఇంటి బట్టలతో పాటు ఐదారుసార్లు ఉతికి, నీడన ఆరబెట్టి మళ్ళీ కొలవండి. ఎంత కుదించుకుపోయింది, రంగు ఎంత దిగింది, నూగు ఎక్కడ లేచింది అన్నవి ఆ ముక్కే చూపిస్తుంది. అమ్మకానికి దిగే ముందు పత్తికి సంబంధించిన నమూనాలను ముంబయిలో 1924లో ఏర్పడిన కేంద్ర పత్తి సాంకేతిక పరిశోధన సంస్థకు, నారలకు సంబంధించినవాటిని కోల్‌కతాలోని జాతీయ సహజ నారల ఇంజినీరింగ్, సాంకేతిక సంస్థకు రాసి, వారు అడిగిన పరిమాణంలో పంపి పరీక్ష చేయించుకోండి. పంపే పొట్లం మీద మొక్క పేరు, కాండంలో ఏ భాగం, ఎన్ని రోజులు నానబెట్టారు, ఏ నీటిలో నానబెట్టారు అన్న వివరాలు రాయండి. అవి లేకుండా వచ్చిన ఫలితాన్ని తరువాతి పంటలో తిరిగి సాధించడం కష్టం.